తోటి వేషం, తోటి బతుకు: తిరుపతి గంగజాతరను ఎట్లా చదవాలి?

తిరుపతిలో ఏటా మే నెలలో గంగజాతర జరుగుతుంది. ఒక మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై, వారం తిరిగి బుధవారం తెల్లవారుజామున విశ్వరూప దర్శనంతో ముగుస్తుంది. ఈ ఊరేగింపుకు రథం లేదు. మనుషులే దేవత రూపం కట్టుకొని వీధుల్లో తిరుగుతారు. బుధవారం బైరాగి వేషం, గురువారం బండ వేషం, శుక్రవారం తోటి వేషం, శనివారం దొర వేషం, ఆదివారం మాతంగి వేషం, సోమవారం సున్నపు కుండలు. మంగళవారం అసలు జాతర.

తోటి వేషం రోజున మగవాళ్లు, పిల్లకాయలు ఒళ్లంతా బొగ్గుపొడి పూసుకుంటారు. వేపాకు కట్టుకుంటారు. అందిన వాళ్లనల్లా బూతులు తిడుతూ తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోతారు. ఆ రోజు ఆ తిట్టుకు కోపగించుకునే వాళ్లుండరు.

మా తాత తోటి. ఆయనది వేషం కాదు, బతుకే అది. ఊర్లో చాటింపు వేయడం, సావు కబురు పక్క ఊర్లకు మోయడం, గుంత తవ్వడం, శిస్తు రోజుల్లో రైతుల్ని పిలుచుకొచ్చి పెద్దరెడ్డి అరుగు కింద చేతులు కట్టుకొని నిలబడడం ఆయన పనులు. నేను ఎం.ఏ. చదవడానికి తిరుపతి వచ్చినప్పుడు మొదటిసారి తోటి వేషం చూసినాను. వేషగాడు గడప ముందర ఆగితే ఇంటామె బిందెతో బయటికొచ్చి పసుపునీళ్లతో కాళ్లు కడిగి హారతి పట్టింది. మా తాతకు అదే జిల్లాలో దోసిలి పట్టించి, పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. సెలవులకు ఇంటికి పోయి ఈ సంగతి చెబితే మా అవ్వ నవ్వింది. "వాళ్లకు సాయంత్రం నీళ్లు పోసుకుంటే బొగ్గు పోతాది. మనకు యాడ పోతాది నాయనా?" అనింది.

గంగజాతరను సజీవ సాంస్కృతిక వారసత్వం అంటున్న ఈ రోజుల్లో మా అవ్వ ప్రశ్నను పక్కకు పెట్టి ఆ మాట అనుకోలేము.

కథలో ఏముంది?

జనం చెప్పుకునే కథ ఇది. తిరుపతిని ఏలే పాలెగాడు కనబడిన ఆడపిల్లనల్లా చెరబట్టేవాడు. అవిలాల గ్రామంలో కైకాల వాళ్ల ఇంట పెరిగిన గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోయినాడు. ఆమె తన అసలు రూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతకడానికి ఆమె రోజుకొక వేషం వేసింది. బైరాగిగా తిరిగింది, బండగా తిరిగింది, తోటిగా తిరిగింది. వాడు బయటికి రాలేదు. చివరికి దొర వేషం కట్టింది. ఎవరో దొర వచ్చినాడు గదా అని వాడు బయటపడినాడు. తల నరికింది. ఆ మరుసటి రోజు మాతంగిగా పోయి పాలెగాడి భార్యను ఓదార్చింది.

ఇందుకే అసలు వేషాలు కట్టే హక్కు నేటికీ కైకాల కులస్థులది. వీళ్లు పూర్వం నేతపని చేసినవాళ్లు. దొర వెంట మంత్రిగా చాకలి నడుస్తాడు. అవిలాల నుంచి అమ్మవారికి పుట్టింటి సారె వస్తుంది. గంగమ్మను వెంకటేశ్వరుడి చెల్లెలు అంటారు గనుక తిరుమల దేవస్థానం కూడా సారె పంపుతుంది. కానీ ఈ కథకు బలం కొండ మీదినుంచి రాలేదు. అధికారం ఉన్నవాడు ఆడదాని మీద చేసే దౌర్జన్యానికి వీధి చెప్పిన జవాబు ఇది. ఏటా తిరుపతి వీధుల్లో ఒక పాలెగాడి తల తెగుతోంది. మన పాఠ్యపుస్తకాల్లో ఇట్లాంటి పాఠం ఎన్నిచోట్ల ఉంది?

తోటి కనబడడు, దొర కనబడతాడు

కథలోని క్రమాన్ని గమనించాలి. దేవత తోటి వేషం ఎందుకు వేసింది? తోటి పని మీద ఊరంతా తిరుగుతాడు. వాడు ఏ సందులో ఉన్నా ఎందుకున్నావని ఎవరూ అడగరు. వాడు ఉన్నట్టే లెక్క కాదు. వెతకడానికి అది మంచి వేషం. కానీ పాలెగాడు తోటిని చూసి బయటికి రాడు. వాడు గుర్తించేది తనలాంటి దొరనే. కులం ఎట్లా పనిచేస్తుందో ఏ పండితుడూ రాయక ముందే ఈ కథ చెప్పింది. కింది మనిషి అందరినీ చూస్తాడు, పైమనిషి కింది మనిషిని చూడడు.

కాబట్టి తోటి వేషాన్ని ఒట్టి ఎగతాళి అని కొట్టిపారేయడం తప్పు. దానిలో జ్ఞానం ఉంది. ఆ జ్ఞానం ఎవరి బతుకులోనుంచి వచ్చిందో వాళ్ల పేరు మాత్రం జాతరలో లేదు. కాళ్లు కడిగించుకునేది వేషం. ఆ పేరు మోసిన మనిషి ఊరి చివరే ఉండిపోయినాడు.

మాతంగి: వేషమూ వ్రతమూ

మాతంగి దగ్గర ఈ వైరుధ్యం ఇంకా గట్టిగా కనబడుతుంది. రేణుకమ్మ కథలో పరశురాముడు తల్లి తలతోపాటు మాతంగి తల కూడా నరుకుతాడు. తలలు మారిపోతాయి. ఎల్లమ్మ పుట్టుకలోనే మాదిగ స్త్రీ ఉంది. ఒంగోలు ప్రాంత మాదిగల గురించి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో రాసిన పుస్తకంలో మాతంగి వర్ణన ఉంది. మాదిగ స్త్రీ మాతంగి అయ్యాక జాతరలో పైకులాల వాళ్ల మీద ఉమ్మేది, తిట్టేది. వాళ్లు దాన్ని పవిత్రమనుకొని స్వీకరించేవాళ్లు. జాతర అయిపోయినాక అంటరానితనం ఎప్పటిలాగే ఉండేది.

తిరుపతిలో మాతంగి వేషం మగవాడు కడతాడు. దాన్ని విప్పేయవచ్చు. కానీ ఉమ్మడి చిత్తూరు జిల్లా తూర్పు మండలాల్లో, తమిళనాడు సరిహద్దు దాకా, దళిత ఆడపిల్లల్ని మాతమ్మకు వదిలే ఆచారం ఉండింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా 2017లో మాతమ్మ ఆచారం మీద జాతీయ మానవ హక్కుల కమిషన్ రెండు రాష్ట్రాలకూ నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. ఒకే నేల మీద మాతంగి ఒకచోట వారంలో ఒకరోజు వేషం. ఇంకొకచోట బీద పిల్ల జీవితమంతా. ఆడపిల్లను చెరబట్టినవాడి తల నరికిన దేవత పేరు చెప్పుకునే జిల్లాలోనే ఇది జరిగింది.

వారసత్వం ఎవరిది?

1996లో కంచ ఐలయ్య 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ' రాసి, గ్రామదేవతలు ఉత్పత్తి కులాల దేవతలనీ, వాళ్లతో మాట్లాడటానికి పూజారి మధ్యవర్తిత్వం అక్కర్లేదనీ వాదించినారు. ఆ వాదన మనకు ఆత్మగౌరవం ఇచ్చింది. కానీ 'ఇది మన సంస్కృతే' అనుకొని ఊరుకుంటే, అందులోనే ఉన్న అంతస్తులు మనకు కనబడవు. 'ఇదంతా మూఢనమ్మకం' అని వదిలేస్తే, మన పూర్వీకుల ఆలోచనను మనమే పారేసుకున్నవాళ్లమవుతాం. రెండు దారులూ సగం దారులే.

యునెస్కో 2003లో అమూర్త వారసత్వ ఒడంబడిక చేసింది. 2005లో భారతదేశం అందులో చేరింది. రామలీల, కుంభమేళా, కోల్‌కతా దుర్గాపూజ ఆ జాబితాకెక్కినాయి. ఆ ఒడంబడిక రెండో అధికరణంలోనే ఒక షరతు ఉంది. మానవ హక్కులకూ, సముదాయాల మధ్య పరస్పర గౌరవానికీ సరిపడే వారసత్వాన్నే పరిగణిస్తారు. మనం గట్టిగా పట్టుకోవలసిన మాట ఇది. 2024 డిసెంబరులో వచ్చిన 'పుష్ప 2' సినిమా గంగజాతర వేషాన్ని దేశమంతటా చూపించింది. సినిమా చూపించిందీ వేషాన్నే. వేషం వెనక ఉన్న మనిషి దాకా పోవడం పరిశోధకుల పని, కార్యకర్తల పని.

ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలి? గంగమ్మ కథ పాడే పంబలవాళ్లు మాలల్లోని ఒక శాఖ. వాళ్ల నోట ఉన్న కథల్ని వాళ్ల పేర్లతోనే రికార్డు చేయాలి. పలక కొట్టేవాళ్లకు ఎంత ఇస్తున్నారు, ఎక్కడ కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారు అని అడిగి రాసుకోవాలి. మన ఊర్లలో అమ్మవారి ఊరేగింపు ఏ వీధిదాకా వచ్చి వెనక్కి తిరుగుతుందో పిల్లల చేత పటం గీయించాలి. బడి టీచర్లు చేయగలిగిన పని ఇది. దేవత తిరిగిన దారి గీస్తే ఊరి కులం గీత కూడా అందులోనే పడుతుంది.

చివరిరోజు గుడి ముందర అమ్మవారి పెద్ద మట్టి ముఖం కడతారు. తెల్లవారకముందే దాన్ని తీసేస్తారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. ఇంటికి తీసుకుపోయి మందుగా దాచుకుంటారు. ఒక్క పిడికెడు మట్టి కోసం అన్ని కులాల చేతులూ కలిసిపోతాయి. కాసేపటికి ఎండ ఎక్కుతుంది, జనం పోతారు. వీధుల్లో వేపాకు, బొగ్గుపొడి, చెత్త మిగులుతాయి. చీపురు పట్టుకొని మున్సిపాలిటీ మనుషులు వస్తారు. వాళ్లు ఏ పేటల నుంచి వస్తారో మనకు తెలుసు. శుక్రవారం నాడు ఊరు ఎవరి పేరు చెప్పి కాళ్లు కడిగిందో, బుధవారం పొద్దున వాళ్ల కాళ్లకు చెప్పులున్నాయా లేదా అని చూసిన రోజు గంగజాతర వారసత్వం గురించి మాట్లాడే అర్హత మనకు వస్తుంది.