ధూళిలో తిరిగే ఇరుసు

తిరిగే ప్రతి యంత్రానికీ బేరింగు ఆయువుపట్టు. పూర్వం తెలుగు పల్లెలలో బండి ఇరుసుకు ఆముదమూ, కాల్చిన గడ్డి మసీ కలిపిన కందెన పెట్టేవారు. నేటి కర్మాగారాలలో ఇరుసు ఉక్కు గుండ్లపై తిరుగుతుంది, కందెన స్థానంలో గ్రీజు వచ్చింది. అయినను దుమ్ము బెడద తీరలేదు.

గుండ్లకూ, అవి దొర్లే గాడికీ నడుమ నిలిచే కందెన పొర మందం సాధారణంగా ఒక మైక్రానుకు లోబడే ఉంటుంది. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కాబట్టి కంటికి కానరాని 10 మైక్రాన్ల ఇసుక రేణువైనా ఆ పొరను ఛేదించగలదు. ఉక్కుకంటె కఠినమైన ఆ రేణువు గాడిలో గుంట చేస్తుంది. గుంట అంచున పగులు పుట్టి, లోహం పెచ్చులుగా రాలుతుంది. ఆ పెచ్చులు మరింత అరుగుదలకు కారణమై, వేడి పెరుగుతుంది.

ఆ వేడి ఎంతటి అనర్థానికి దారితీయగలదో 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో వెల్లడయింది. పోర్ట్ వెంట్‌వర్త్‌లోని ఇంపీరియల్ షుగర్ కర్మాగారంలో పంచదార ధూళి ప్రేలి 14 మంది మరణించారు, 36 మంది గాయపడ్డారు. పంచదారలో మలినాలు పడకుండా ఒక కన్వేయరుకు 2007లో ఉక్కు రేకులు కప్పారు. గాలి ఆడని ఆ మూతలో ధూళి పేరుకుంది. అతిగా వేడెక్కిన బేరింగే దానిని రగిలించి ఉంటుందని ప్రభుత్వ రసాయన భద్రతా మండలి 2009లో నిర్ణయించింది. తొలి ప్రేలుడు తాకిడికి నేలపైనా, దూలాలపైనా పేరుకున్న ధూళి లేచి, అంటుకొని, వినాశం భవనమంతటా వ్యాపించింది.

రక్షణకు ప్రథమ సాధనం సీలు. ల్యాబిరింత్ సీలులో పద్మవ్యూహం వంటి వంకరదారి ఉంటుంది. ఆ దారినిండా గ్రీజు నింపితే ధూళి అందులోనే చిక్కుకుంటుంది. మిన్నెసోటా ఇనుప గనుల ఖనిజం పేరిట వాడుకలోకి వచ్చిన టాకొనైట్ సీలు ఈ కోవకు చెందినదే. యంత్రం ఆగి చల్లారేటపుడు లోపలి గాలి సంకోచించి, వెలుపలి దుమ్మును పీల్చుకుంటుంది. అందుచేత సీలులో గ్రీజు ఎన్నడూ తరగరాదు. అయితే వేగంగా తిరిగే బేరింగులో గ్రీజు అతిగా కూరితే, అది చిలకబడి తానే వేడెక్కుతుంది. గ్రీజు గన్ను తగిలించే ముందు నిపులును తుడవకపోతే, అక్కడి దుమ్మును చేజేతులా లోనికి పంపినట్లే. గాలిగొట్టంతో దుమ్ము ఊదరాదు. అది సీలును దాటి లోనికి పోవచ్చు. మండే ధూళియైతే మేఘమై లేచి ప్రమాదం తెస్తుంది.

పరీక్ష పేరిట మూత విప్పితే దుమ్ముకు ద్వారం తెరిచినట్లవుతుంది. కావున బయటినుండే కనిపెట్టాలి. ఒకే భారంపై నడిచేటపుడు ఉష్ణోగ్రతనూ, కంపనాన్నీ కొలిచి పుస్తకంలో వ్రాసుకోవాలి. ఏనాటి అంకెకంటెనూ వారాల తరబడి పెరిగే తీరే ముఖ్యం. యంత్రాన్ని ఆపి, బయటికి వచ్చిన పాత గ్రీజును వ్రేళ్ళ నడుమ నలిపితే, గరుకుదనం ఇసుక జాడను తెలుపుతుంది. ఆ జాడ తెలిసిన నాడే సీలు మార్చడం స్వల్పవ్యయం. ఉపేక్షిస్తే మారేది బేరింగు ఒక్కటే కాదు. ధూళి మండే చోట పనివారి ప్రాణాలే పణమవుతాయి.