నిన్న బిల్డ్ అయిన యాప్ ఈ రోజు ఎందుకు ఫెయిల్ అవుతుంది?

కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు. అయినా రాత్రి బాగానే బిల్డ్ అయిన యాప్ పొద్దున్నే స్క్రీన్ నిండా ఎర్ర లైన్లు చూపిస్తుంది. రేపు ప్రాజెక్ట్ డెమో ఉందంటే ఇంక చెప్పక్కర్లేదు. ఇలాంటప్పుడు చాలామంది ముందు తమ కోడ్‌నే అనుమానిస్తారు. కానీ మనం వాడుతున్న లైబ్రరీ వెనకాల అప్‌డేట్ అయిపోయిందేమో కూడా చూడాలి.

2022 నవంబర్ 4న ఏం జరిగింది?

రియాక్ట్ నేటివ్‌తో ఆండ్రాయిడ్ యాప్‌లు చేసేవాళ్లకి ఈ తేదీ గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ప్రాజెక్ట్ టెంప్లేట్‌లోని బిల్డ్.గ్రేడిల్ ఫైల్‌లో రియాక్ట్ నేటివ్ వెర్షన్ నంబర్ బదులు ‘+’ గుర్తు ఉండేది. అంటే, దొరికిన వాటిలో కొత్తది తీసుకో అని. ఆండ్రాయిడ్‌కి కావాల్సిన ఫైళ్లు నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోనే వచ్చేవి. మావెన్ సెంట్రల్‌లో ఉన్నవి ఎప్పటివో పాత వెర్షన్లు. అందుకే ఏళ్ల తరబడి ఇబ్బంది రాలేదు.

ఆ రోజు 0.71 రిలీజ్ క్యాండిడేట్ మావెన్ సెంట్రల్‌లోకి వచ్చింది. గ్రేడిల్ దాన్నే కొత్తది అనుకుని లాగేసుకుంది. జావాస్క్రిప్ట్ వైపు 0.68, ఆండ్రాయిడ్ వైపు 0.71 అయితే పొంతన ఎలా కుదురుతుంది? బిల్డ్‌లు వరసగా పడిపోయాయి. తర్వాత టీమ్ 0.63 నుంచి 0.70 వరకు ప్యాచ్‌లు ఇచ్చింది.

ఇలాంటప్పుడు మీ ఫ్రెండ్ లాప్‌టాప్‌లో బిల్డ్ అవుతుంటే ఆశ్చర్యపోకండి. ‘+’ వెర్షన్‌కి దొరికిన జవాబుని గ్రేడిల్ మామూలుగా 24 గంటలు కాష్‌లో దాచుకుంటుంది. వాళ్ల గడువు ఇంకా అవ్వలేదంతే.

మీకు ఇలా జరిగితే

1. ఎర్రర్ మొత్తం చదవండి. చివరి లైన్ కాదు, ఏ లైబ్రరీ పేరు, ఏ వెర్షన్ కనిపిస్తున్నాయో చూడండి.

2. ఏం మారిందో పట్టుకోండి. గ్రేడిల్‌లో ‘డిపెండెన్సీ ఇన్‌సైట్’ టాస్క్, ఎన్‌పీఎంలో ‘ఎన్‌పీఎం ఎక్స్‌ప్లెయిన్’ కమాండ్ ఆ వెర్షన్‌ని ఎవరు లాక్కొచ్చారో చెప్తాయి. లాక్ ఫైల్ గిట్‌లో ఉంటే డిఫ్ చూస్తే చాలు.

3. చివరిసారి పనిచేసిన వెర్షన్ నంబర్‌ని కచ్చితంగా రాయండి. అది వేరే లైబ్రరీ లోపల్నుంచి వస్తుంటే గ్రేడిల్‌లో ‘స్ట్రిక్ట్‌లీ’, ఎన్‌పీఎంలో ‘ఓవర్‌రైడ్స్’ వాడండి.

కాష్ మొత్తం డిలీట్ చేసేయమనే సలహాని మాత్రం చివరికి ఉంచుకోండి. తునిలో ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకి ఆ రోజు డేటా అంతా మళ్లీ డౌన్‌లోడ్‌లకే పోతుంది. పైగా ‘+’ అలాగే ఉంటే మళ్లీ అదే వెర్షన్ వస్తుంది. అంతకన్నా ముందు గ్రేడిల్ ఆఫ్‌లైన్ మోడ్ ట్రై చేయండి, కాష్‌లో ఉన్నవాటితోనే బిల్డ్ చేస్తుంది.

మళ్లీ రాకుండా

ప్యాకేజ్.జేసన్‌లో ‘^1.4.2’ అంటే 2.0.0 కంటే తక్కువున్న ఏ కొత్త వెర్షన్ అయినా రావచ్చు. ‘~1.4.2’ అయితే 1.4 దాటదు. లాక్ ఫైల్‌ని తప్పకుండా కమిట్ చేయండి. బిల్డ్ సర్వర్‌లో ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ బదులు ‘ఎన్‌పీఎం సీఐ’ వాడండి. లాక్ ఫైల్‌లో ఉన్నదే పెడుతుంది, తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది.

అలాగని వెర్షన్‌ని బిగించేసి ఏళ్లకేళ్లు వదిలేయకండి, సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా ఆగిపోతాయి. డెమో అయ్యాక, తీరిక ఉన్న రోజున, ఒక్కో లైబ్రరీనే అప్‌డేట్ చేసి, ఒక్కోసారీ బిల్డ్ చేసి చూసుకోండి.