చారను వదిలిన ఓడ

నీళ్ళలో పడవ పోతూంటే దాని వెనక తోకలాగా ఒక చార ఏర్పడటం మీరు చూసే ఉంటారు. పడవ ఆ చార మొదట్లోనే ఉండాలి గదా! కాని 1978లో అమెరికావారు పంపిన సీశాట్ అనే ఉపగ్రహం తీసిన బొమ్మల్లో ఒక వింత కనిపించింది. చార ఒకచోటా, ఓడ మరొకచోటా ఉన్నాయి! ఇటువంటి బొమ్మల్లో రైళ్ళు కూడా పట్టాలు వదిలి పొలాల్లో పరుగెత్తుతున్నట్టు కనిపిస్తాయి. పాపం, డ్రైవరు తప్పేమీ లేదు.

సీశాట్ బొమ్మలు తీసింది రాడార్‌తో. రాడార్ రేడియో తరంగాలను కిందికి పంపి, తగిలి తిరిగివచ్చిన వాటిని పట్టుకుంటుంది. అందుచేత దానికి చీకటీ, మబ్బులూ అడ్డం కావు. కాని ఒక చిక్కున్నది. 800 కిలోమీటర్ల ఎత్తునుంచి 25 మీటర్ల ఎడంలో ఉన్న రెండు వస్తువులను విడివిడిగా చూడాలంటే యాంటెన్నా కొన్ని కిలోమీటర్ల పొడుగుండాలి. సీశాట్ యాంటెన్నా 11 మీటర్లయినా లేదు.

దీనికి ఉపాయం 1951లోనే కార్ల్ వైలీ అనే అమెరికా ఇంజనీరుకు తట్టింది. మీరు స్టేషనులో నిలబడి రైలు కూత విన్నారా? ఇంజను మనవైపు వచ్చేటప్పుడు కూత శ్రుతి హెచ్చుగానూ, దాటిపోయాక తగ్గుగానూ ఉంటుంది. రేడియో తరంగాలకూ ఇంతే. రాడార్ ముందుకు పోతూంటే, ఇంకా ముందున్న చోటి నుంచి వచ్చే తరంగాల శ్రుతి హెచ్చుతుంది. వెనకబడ్డ చోటి నుంచి వచ్చేవాటి శ్రుతి తగ్గుతుంది. సరిగా పక్కన ఉన్నచోటిది మారదు. చిన్న యాంటెన్నా దారి పొడుగునా పట్టుకున్న తరంగాలన్నిటినీ దాచిపెట్టి, తరవాత కలిపి లెక్కవేస్తే, అది కిలోమీటర్ల పొడుగున్న యాంటెన్నాకు సమానమవుతుంది! దీన్నే సింథెటిక్ అపెర్చర్ రాడార్ అంటారు.

అయితే ఈ లెక్కంతా నేలమీదివి కదలవనే నమ్మకంతో వేసినది. రైలు ఊరుకుంటుందా? అది రాడార్‌వైపు వస్తూంటే ఆ రాకవల్ల కూడా శ్రుతి హెచ్చుతుంది. రాడార్‌కేం తెలుసు! “ఇది ఇంకా ముందున్నది కాబోలు,” అనుకుని రైలును తాను పోయే దిక్కుగా జరిపి చూపుతుంది. దూరంగా పోయే రైలునైతే వెనక్కు జరుపుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో తనకేసి వచ్చే రైలును ఉపగ్రహం అర కిలోమీటరు పైగా తప్పుచోట పెట్టగలదు.

శాస్త్రజ్ఞులు ఈ తప్పుతోనే పని చేయించుకున్నారు. ఓడ తన చారకు ఎంత ఎడంగా ఉన్నదో కొలిచారంటే, దాని వేగం తెలిసిపోతుంది. మరి చారా, పట్టాలూ లేనిచోట ఎట్లా? రెండు యాంటెన్నాలను ఒకదాని వెనక ఒకటి అమర్చి, ఒకేచోటును లిప్తపాటు తేడాతో రెండుసార్లు చూస్తారు. ఒక బొమ్మలోనుంచి రెండోదాన్ని తీసివేస్తే కొండలూ, ఇళ్ళూ మాయమై, కదిలేవి మాత్రం మిగులుతాయి! రెండు యాంటెన్నాల ఉపాయంతోనే 1987లో గోల్డ్‌స్టీన్, జెబ్కర్ అనేవారు విమానం మీదినుంచి సముద్రపు నీటి ప్రవాహాల వేగాన్ని కొలిచారు.

మన శ్రీహరికోట నుంచి 2025 జూలై 30న పైకి వెళ్ళిన నైసార్ ఉపగ్రహంలో కూడా ఇటువంటి రాడార్లు రెండున్నాయి. దాని బొమ్మ ఏదైనా మీ కంటబడితే రేవుల దగ్గర కాస్త వెతికి చూడండి. చారకు దూరంగా తెల్లని చుక్క ఒకటి కనిపిస్తే, అదే ఓడ!