పిల్లల ప్లేటు పెద్దలు అడగొచ్చా?

థీమ్ పార్కులో పొద్దున్నుంచి తిరిగి తిరిగి, మధ్యాహ్నం భోజనం కౌంటర్ ముందు నిలబడ్డాక చాలామందికి వచ్చే ఆలోచన ఒకటుంది. పెద్దల మెనూలో ఉన్నంత తిండి మనం తినలేం. పక్కనే పిల్లల మెనూలో మనకు సరిపోయే ప్లేటు కనిపిస్తోంది, ధర కూడా తక్కువే. అది అడగొచ్చా? కాదంటే నలుగురిలో చిన్నతనం అవుతుందేమోనని పెద్ద ప్లేటే తీసుకుని, సగం చెత్తబుట్టలో వేసి వచ్చేవాళ్లున్నారు. ధైర్యం చేసి అడిగినా, ఏదో తప్పు చేసినట్టు మనసులో పీకులాడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు అవస్థలూ అక్కర్లేదు. ఎక్కడ అడగొచ్చు, ఎక్కడ అడగకూడదు, ఎందుకు అన్నది తెలిస్తే చాలు.

వయసు గీత ఎక్కడ?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండో దగ్గరున్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 1971 అక్టోబర్ 1న మేజిక్ కింగ్‌డమ్‌తో మొదలైన ఈ ప్రాంగణంలో ఇప్పుడు నాలుగు పెద్ద పార్కులున్నాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మన తెలుగు అమ్మానాన్నల్లో చాలామంది చూసి వచ్చే చోటు ఇది.

ఇక్కడ మూడేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు. 3 నుంచి 9 ఏళ్ల వారికి పిల్లల టికెట్. పదేళ్లు నిండితే పెద్దల టికెట్టే. భోజనం దగ్గర కూడా ఇదే గీత. చాలా మెనూల్లో పిల్లల భోజనాల దగ్గర తొమ్మిదేళ్లు, అంతకన్నా తక్కువ వయసు వారికి అని రాసి ఉంటుంది. ఈ లెక్కన ఐదో తరగతి పిల్లవాడు, కండలు పెంచే పాతికేళ్ల బాబాయి, రాత్రి ఒక్క పుల్కాతో సరిపెట్టుకునే డెబ్బై ఏళ్ల నాయనమ్మ ముగ్గురూ పెద్దలే. ముగ్గురికీ ఒకే ప్లేటు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. గీత గీసింది వయసును బట్టి, ఆకలి మాత్రం మనిషిని బట్టి.

మూడు రకాల చోట్లు, మూడు పద్ధతులు

మొదటిది కౌంటర్ దగ్గర కొనుక్కుని ట్రే తెచ్చుకునే చోటు. పార్కుల్లో ఎక్కువమంది తినేది ఇక్కడే. ఇలాంటి చోట్ల ప్లేటుకే ధర. పిల్లల భోజనం కావాలంటే ఇస్తారు, అది ఎవరు తింటారని సాధారణంగా అడగరు. ఫోన్ యాప్‌లో ఆర్డర్ పెట్టే పద్ధతి వచ్చాక ఆ ప్రశ్నకు చోటే లేకుండా పోయింది. యాప్‌లో పిల్లల భోజనం నొక్కితే అది వయసు అడగదు.

రెండోది బల్ల దగ్గరికే సర్వర్ వచ్చి వడ్డించే రెస్టారెంట్. ఇక్కడ నిర్ణయం ఆ రెస్టారెంట్‌ది. చాలాచోట్ల మర్యాదగా అడిగితే ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. కాబట్టి ముందే అడగాలి, కాదంటే వాదించకూడదు.

మూడోది బఫే, లేదా మనిషికి ఇంత అని కట్టి కూర్చునే భోజనం. మిక్కీ మౌస్ వంటి పాత్రలు బల్లల దగ్గరికి వచ్చి ఫోటోలు దిగే షెఫ్ మిక్కీస్ లాంటివి ఈ కోవలోవి. ఇక్కడ ధర ప్లేటుకు కాదు, మనిషికి. ఎంత తిన్నా, ఎంత తక్కువ తిన్నా పదేళ్లు నిండినవాళ్లు పెద్దల ధర ఇవ్వాల్సిందే. వయసు తగ్గించి చెప్పడం ఇక్కడ అబద్ధమే అవుతుంది.

పిల్లల మెనూ ఎలా పుట్టింది?

అమెరికాలో ఒకప్పుడు మంచి రెస్టారెంట్లు పిల్లల్ని పెద్దగా రానిచ్చేవి కావు. తాగి తినే పెద్దల మధ్య పసివాళ్లు అడ్డమని భావించేవారు. 1920లో మద్యనిషేధం అమలులోకి రావడంతో హోటళ్లకు మద్యం రాబడి పోయింది. ఆ లోటు పూడ్చుకోవడానికి అవి కుటుంబాల వైపు, పిల్లల వైపు చూశాయి. న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్ 1921లోనే పిల్లలకు విడిగా మెనూ పెట్టింది. అప్పటి పిల్లల భోజనం దాదాపు పత్యం. ఉడికించిన అన్నం, చప్పటి కూరగాయలు, మసాలా తగలని మాంసం. పిల్లల వైద్యుడు ఎమెట్ హోల్ట్ 1894లో రాసిన పిల్లల పెంపకం పుస్తకం ప్రభావం ఆ తరం మీద అంతగా ఉండేది.

తర్వాతి కాలంలో బర్గర్ దుకాణాలు ఈ ఆలోచనను పూర్తిగా మార్చేశాయి. 1979లో మెక్‌డొనాల్డ్స్ అమెరికా అంతటా హ్యాపీ మీల్ తెచ్చింది. చిన్న బర్గర్, ఫ్రైస్, డ్రింక్, ఒక బొమ్మ. పిల్లవాడు ఎక్కడికి పద అంటే కుటుంబమంతా అక్కడికే వెళ్తుంది గనుక, వాడి ప్లేటు మీద పెద్దగా లాభం రాకపోయినా ఫరవాలేదని వ్యాపారులు గ్రహించారు. పిల్లల భోజనం చవగ్గా ఉండటానికి అసలు కారణం ఇది.

ధరల వెనక లెక్క

రెస్టారెంట్ ఖర్చులో సరుకులది ఒక భాగమే. అమెరికాలో సాధారణంగా ప్లేటు ధరలో మూడో వంతు దాకా సరుకులకు పోతుంది. మిగతాది జీతాలు, స్థలం, కరెంటు, శుభ్రం వగైరా. ప్లేటులో తిండి సగం చేసినంత మాత్రాన ఈ ఖర్చులు సగం కావు. వండేవాడు వండాలి, ట్రే కడగాలి, బల్ల తుడవాలి. అందుకే పిల్లల ప్లేటు మీద మిగులు తక్కువ. ఆ తగ్గింపును పక్కనే కూర్చున్న పెద్దల ప్లేట్లు భరిస్తాయి.

మరి పెద్దలు కూడా అదే తీసుకుంటే ఆ తగ్గింపును అన్యాయంగా వాడుకున్నట్టు కాదా? ఇది అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పేముందు పార్కు ఇంకేమేం అనుమతిస్తుందో చూడండి. డిస్నీ పార్కుల్లోకి ఇంటినుంచి తిండి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు, మద్యం మాత్రం కూడదు. కౌంటర్ల దగ్గర గ్లాసుతో ఐసు నీళ్లు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇస్తారు. ఒక పెద్ద ప్లేటు కొని ఇద్దరు పంచుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. తక్కువ తినే మనిషి పెద్ద ప్లేటు కొనకపోతే పార్కుకు ఎదురయ్యేది ఈ మూడింట్లో ఏదో ఒకటి. పులిహోర డబ్బా బ్యాగులో పెట్టుకుని వచ్చిన అమ్మమ్మ కన్నా, పిల్లల భోజనం కొన్న అమ్మమ్మ వల్ల పార్కుకు ఆదాయం ఎక్కువే. పైగా ఆమె గేటు దగ్గర పెద్దల టికెట్టే కొంది. మేజిక్ కింగ్‌డమ్ ఒకరోజు టికెట్ 2015లోనే 100 డాలర్లు దాటింది.

కౌంటర్‌లో వయసు తనిఖీ చేయకపోవడానికీ కారణముంది. మధ్యాహ్నం రెండు గంటల వ్యవధిలో వేలమందికి వడ్డించాలి. ఒక్కొక్కరినీ ఈ ప్లేటు ఎవరికి అని అడుగుతూ కూర్చుంటే వరస కదలదు, వచ్చినవాళ్ల మనసూ నొచ్చుకుంటుంది. పార్కువాళ్లు చూసీచూడనట్టు పోవడం మెతకదనం వల్ల కాదు, లెక్క తెలిసే అలా నడుపుతున్నారు.

ప్లేటు పెద్దదైతే తిండి పెరుగుతుంది

ఇది డబ్బు విషయమే కాదు. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో బార్బరా రోల్స్ బృందం చేసిన ఒక పరిశోధన 2002లో వెలువడింది. పెద్దవాళ్లకు మాకరోనీ అండ్ చీజ్‌ను వేర్వేరు రోజుల్లో వేర్వేరు పరిమాణాల్లో పెట్టారు. 500 గ్రాములు పెట్టిన రోజుతో పోలిస్తే, 1,000 గ్రాములు పెట్టిన రోజు వాళ్లు 30 శాతం ఎక్కువ కేలరీలు తిన్నారు. విశేషమేమిటంటే, తిన్నాక కడుపు నిండిందా అని అడిగితే రెండు రోజుల జవాబులూ దాదాపు ఒకేలా ఉన్నాయి. ఎదురుగా ఎంత ఉంటే అంత తినడం మనిషి స్వభావం. పెట్టింది వదలకూడదని చిన్నప్పటి నుంచి విన్న మనకు ఇది మరీ వర్తిస్తుంది.

అందుకే చిన్న ప్లేటు కొందరికి అవసరం. వయసు మీద పడి ఆకలి తగ్గినవాళ్లు, బరువు తగ్గడానికి కడుపుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఆకలి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు, ఎండలో తిరిగి ఏదీ సహించనివాళ్లు, పదేళ్లు నిండినా పిట్టలా తినే పిల్లలు. వీళ్లెవరూ పిసినారులు కారు. తినగలిగినంతే అడుగుతున్నారు.

అడిగేముందు చూసుకోవాల్సినవి

డిస్నీ కౌంటర్లలో పిల్లల భోజనంతో పాటు సాధారణంగా రెండు చిరు పదార్థాలు, చిన్న పాల సీసా గానీ నీళ్ల సీసా గానీ కలిపి వస్తాయి. పెద్దల ప్లేటుకు డ్రింక్ విడిగా కొనాలి. కాబట్టి ధరలో తేడా మెనూలో కనిపించే దానికన్నా ఎక్కువ. అయితే ఒక్కరే రెండు పిల్లల భోజనాలు కొంటే లాభమేమీ ఉండదు.

2006లో డిస్నీ పోషకాహార నియమాలు పెట్టుకుని, పిల్లల భోజనంలో ఫ్రైస్, సోడా బదులు పండ్లు, కూరగాయలు, తక్కువ కొవ్వు పాలు ముందుగా ఇవ్వడం మొదలుపెట్టింది. అది మంచి మార్పు. కానీ చాలా పిల్లల మెనూల్లో ఇప్పటికీ చికెన్ టెండర్స్, హాట్ డాగ్, మాకరోనీ అండ్ చీజ్, పిజ్జా వంటివే ఎక్కువ. ప్లేటు చిన్నదైనంత మాత్రాన అది పత్యం కాదు. యానిమల్ కింగ్‌డమ్‌లోని సటూలీ కాంటీన్ లాంటి చోట్ల గిన్నెలో అన్నం, కూరగాయలు, చికెన్ వంటివి ఎంచుకోవచ్చు. అదే భోజనం పిల్లల పరిమాణంలోనూ దొరుకుతుంది. మన పెద్దవాళ్లకు ఇలాంటివి నప్పుతాయి. నిష్ఠగా శాకాహారం పాటించేవాళ్లు చీజ్ తయారీలో జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడారేమో అడిగి తెలుసుకోవాలి.

రోజంతా నడవాలి కాబట్టి కడుపు మాడ్చుకోకూడదు. మధుమేహానికి మందులు వాడేవాళ్లు డబ్బు మిగులుతుందని తక్కువ తినడం ప్రమాదం. డైనింగ్ ప్లాన్ ముందే కొన్నవాళ్లు పెద్దల భోజనానికి డబ్బు కట్టేశారు కాబట్టి పిల్లల ప్లేటు తీసుకుంటే నష్టపోయేది వాళ్లే. బల్ల దగ్గర వడ్డించే చోట ప్లేటు చిన్నదైనా సర్వర్ శ్రమ ఒక్కటే. అమెరికాలో సర్వర్ల బతుకు టిప్పు మీద నడుస్తుంది. ప్లేటు దగ్గర మిగిలినదాంట్లో కొంత వాళ్లకు చేరేలా చూడండి.

చివరి మాట

మన హోటళ్లలో సింగిల్ ఇడ్లీ, హాఫ్ ప్లేట్, మినీ మీల్స్ అడిగినవాళ్ల వయసు ఎవరూ అడగరు. చిన్న ప్లేటుకు చిన్న ధర, అంతే. థీమ్ పార్కులు చేయాల్సిందీ ఇదే. వయసు మాట తీసేసి చిన్న ప్లేటు అని ఒక వరస మెనూలో పెడితే ఈ సంకోచం ఎవరికీ ఉండదు, తిండీ వృథా కాదు. ఆ రోజు వచ్చేదాకా పాటించాల్సిన నీతి తేలికే. ప్లేటుకు ధర ఉన్నచోట తినగలిగిన ప్లేటు అడగండి. మనిషికి ధర ఉన్నచోట వయసు దాచకండి. మీ వెంట వచ్చిన పెద్దవాళ్లు మొహమాటపడుతుంటే, వాళ్ల తరఫున మీరే ముందుకెళ్లి అడగండి.