మీకు తెలుసా? ముల్లుకీ కేబుల్‌కీ ముడి లేదు

అంబాసిడర్ లాంటి పాత కార్లలో స్పీడోమీటర్ ముల్లును కేబులే తిప్పుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ రెండూ ఒకదాన్నొకటి తాకనే తాకవు!

గేర్‌బాక్స్ దగ్గర మొదలయ్యే కేబుల్, పైతొడుగు లోపల గిర్రున తిరుగుతూ మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాంతో పక్కనున్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టి, గిన్నెనూ దానికి బిగించిన ముల్లునూ లాగుతాయి. ఆ లాగుడును అదుపు చేసేది సన్నని స్ప్రింగు. జర్మనీకి చెందిన ఓటో షుల్జే 1902లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది.

కిలోమీటర్ల అంకెలను మాత్రం అదే కేబుల్ పళ్లచక్రాలతో నేరుగా తిప్పుతుంది. కాబట్టి కేబుల్ తెగితే రెండూ ఆగిపోతాయి. అంకెలు కదులుతూ ముల్లు ఒక్కటే చచ్చుబడితే కొత్త కేబుల్ కొనడం దండగ; తేడా మీటరులోనే ఉంది.

ముల్లు టకటకా కొట్టుకుంటోందా? సాధారణంగా కేబుల్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో మడతపడి ఉంటుంది. కొత్తది వేసేటప్పుడు మలుపులు విశాలంగా ఉండాలి. లోపలి తీగకు గ్రీజు పల్చగా పూస్తే చాలు. మీటరు వైపు కొన్ని అంగుళాలు పొడిగా వదిలేయాలి. లేదంటే తిరిగే తీగ గ్రీజును మెల్లగా పైకెక్కించి మీటరునే పాడుచేస్తుంది. చివరి నలుచదరపు మొన గాడిలో కూర్చోకముందే నట్టు బిగించేసే తొందర మెకానిక్కులూ లేకపోలేదు.