కత్తెర పెట్టేముందు కొలత తీసుకోవాలి

అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర కాసేపు నిలబడి చూడండి. భుజాన సంచి తగిలించుకుని కంప్యూటర్ కోర్సుల కోసం వచ్చే యువతీ యువకులు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. వీడియో ఎడిటింగ్ నేర్పే సంస్థలూ అక్కడ ఉన్నాయి. దృశ్యాలను ఎలా కత్తిరించాలో, ఎలా అతికించాలో అక్కడ నేర్పుతారు. మరి ఏది కత్తిరించకూడదో ఎవరు నేర్పాలి? అది బడిలో, ఉపాధ్యాయుల కళ్ళ ముందు జరగవలసిన చదువు.

తొమ్మిదో తరగతి పిల్లలకు నేను డాక్యుమెంటరీ చిత్రాలు చూపిస్తుంటాను. పది నిమిషాలు చూపించి ఆపేస్తాను. "ఇందులో ఎవరు మాట్లాడారు? ఎవరికి మాట్లాడే అవకాశం రాలేదు?" అని అడుగుతాను. ఒక ఏడాది మరో అడుగు ముందుకు వేసి, పిల్లల చేతనే రెండు నిమిషాల చిత్రం తీయించాం. అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా ఎల్బీ నగర్ వరకు మెట్రో రైలు 2018 సెప్టెంబరులో మొదలైంది. దాని వల్ల చిన్న దుకాణాల వారికి ఏమైంది? ఇదీ మేము ఎంచుకున్న విషయం.

పిల్లలు పంజగుట్ట సందులో ఒక వృద్ధ దర్జీని కలిశారు. ఆయన ఉర్దూలో చెప్పిన మాటల సారాంశం ఇది: "పనులు జరిగినన్నాళ్ళు బేరాలు లేక ఇబ్బంది పడ్డాను. రైలు నడిచాక మళ్ళీ కోలుకున్నాను." తీరా తరగతిలో చూస్తే, చిత్రంలో మొదటి మాట మాత్రమే ఉంది! "అలాగైతేనే చూసేవాళ్ళ మనసు కరుగుతుంది సార్" అన్నాడు ఒక అబ్బాయి. "చాచా అలా అనలేదు కదా!" అని ఒక అమ్మాయి నిలదీసింది.

నేను తీర్పు చెప్పలేదు. ఆ చిత్రాన్ని దర్జీకే చూపించి రమ్మన్నాను. చూసి ఆయన కోప్పడలేదట. "నేనూ కత్తిరించేవాణ్ణే బేటా. కొలత తీసుకున్నాకే కత్తెర పెడతాను. మీరు కొలత తీసుకోలేదు" అన్నారట. పిల్లలు తలవంచుకుని వచ్చి, ఆ రెండో మాటను మళ్ళీ చేర్చారు. నా ముప్పై పాఠాలు నేర్పలేనిది ఆ ఒక్క మాట నేర్పింది.

చిత్రాలతో చదువు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు 'సైట్' అనే ప్రయోగం జరిగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ కార్యక్రమాలు చేరాయి. అయితే తీసేవారు వేరు, చూసేవారు వేరు. ఆ ప్రయోగంలో పనిచేసిన పి.వి. సతీష్, తరువాత డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్థాపకులలో ఒకరయ్యారు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో ఆ సంస్థ అండతో, బడి ముఖం చూడని దళిత స్త్రీలు సైతం కెమెరా పట్టారు, ఎడిటింగ్ నేర్చుకున్నారు. తమ పొలాల గురించి, విత్తనాల గురించి తామే చిత్రాలు తీశారు. అక్షరం రాని వారు సాధించిన దానిని మన పిల్లలు సాధించలేరా?

"ఫోన్ చేతికిస్తే పిల్లలు పాడైపోతారు" అని కొందరు తల్లిదండ్రుల భయం. ఆ భయం న్యాయమైనదే. అందుకే మేము బడి ఫోన్ ఒక్కటే వాడతాం. ఎవరినైనా చిత్రీకరించాలంటే ముందు వారి అనుమతి, పిల్లలైతే వారి ఇంటివారి అనుమతి తీసుకుంటాం. మాట్లాడిన వ్యక్తి చూసి సరే అన్నాకే నలుగురికీ చూపిస్తాం.

నేడు ముక్క వీడియో ఒకటి ఫోన్లలో తిరిగితే చాలు, ఒక మనిషి పరువు, ఒక్కోసారి ఒక బస్తీ ప్రశాంతత పోతోంది. ఒకరి మాట మన దగ్గర ఉన్న అమానత్ అని, దానిని కోసి వాడుకోవడం ఎంత తేలికో తన చేతులతో తెలుసుకున్న పిల్లవాడు, అలాంటి ముక్కను చూసి వెంటనే నమ్మడు. "దీని ముందు ఏముంది? వెనుక ఏముంది?" అని అడుగుతాడు. ఈ రాత్రి మీ ఇంట్లో ఏదైనా వీడియో చూసినప్పుడు, ఆ ప్రశ్న మీరే ముందుగా అడిగి చూడండి.