మోత కాదు, పొంతన!

ఎక్కువ వాట్ల ఆంప్లిఫయరు కొంటే కారులో పాట బాగుంటుందనుకుంటాం. స్పీకరు, ఆంప్లిఫయరు అంకెలు కలవకపోతే ఎన్ని వేలు పోసినా దక్కేది గరగరే. ఉప్పుగాలి తగిలే బందరు, దివిసీమ దారుల్లో ఈ లెక్క ఇంకాస్త గట్టిగా చూసుకోవాలి.

గుడివాడ నుంచి పామర్రు దాకా, బందరు నుంచి పులిగడ్డ దాకా ఏ రోడ్డు పక్కన నిలబడ్డా ఇలాంటి కారు ఒకటి కనిపిస్తుంది. డిక్కీ అదురుతుంది, నంబరు ప్లేటు గలగలలాడుతుంది. ఏం పాట పెట్టారో మాత్రం తెలియదు. ఆ యజమానికి దుకాణంలో వాట్లు అమ్మారు. పాట ఎవరూ అమ్మలేదు.

కారు సెట్టు బాగుందో లేదో తేల్చడానికి ఈ ప్రాంతంలో చేతికందే పరీక్ష ఒకటుంది. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన ఘంటసాల పాట పెట్టి వినండి. ఆ రోజుల మోనో రికార్డింగుల్లో 50 హెర్ట్‌జ్ కిందకు పెద్దగా ఏమీ ఉండదు. ప్రాణమంతా గొంతులోనే. ఆ గొంతు డ్యాష్‌బోర్డు మీద నుంచి, ఎదురుగా కూర్చుని పాడినట్టు వస్తే సెట్టు కుదిరినట్టే. వెనక సీటు కింద నుంచో, డబ్బాలో నుంచో వస్తుంటే వాట్లు పెంచి లాభం లేదు, పొంతన సరిచూడాలి.

మైకుసెట్టు వాళ్ల లెక్క

ఈ పొంతన మన ఊళ్లకు కొత్తేమీ కాదు. మోపిదేవి, హంసలదీవి తిరునాళ్లలో స్తంభాలకు హారన్లు కట్టే మైకుసెట్టు వాళ్లు ఏళ్లుగా చేస్తున్నది ఇదే. వాళ్ల ఆంప్లిఫయరు వెనక 4, 8, 16 ఓంలకు (కరెంటుకు స్పీకరు చూపే అడ్డు కొలత) వేర్వేరు టెర్మినళ్లు ఉంటాయి. దూరం లాగే వైర్లకు 70, 100 వోల్టుల లైను వేరుగా ఉంటుంది. ఒక్కో హారనుకూ మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మరు కట్టి, అన్ని యూనిట్ల వాట్లు కూడి, ఆ మొత్తం ఆంప్లిఫయరు శక్తిని దాటకుండా చూసుకుంటారు. ఆ కూడిక చేయకుండా తిరునాళ్లలో సెట్టు ఆన్ చేయరు. కారు దగ్గరకు వచ్చేసరికి మనం ఆ కూడిక మానేసి రంగుల అట్టపెట్టె చూసి కొంటున్నాం.

అట్టపెట్టె మీద అంకె

స్టీరియో ముందు భాగాన ‘50 వాట్లు × 4’ అని మెరుస్తుంటుంది. అది క్షణకాలం ఎగసే గరిష్ఠం. లెక్క వేస్తే తెలుస్తుంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారు కరెంటు 14.4 వోల్టులు. అది శబ్ద తరంగం గరిష్ఠంగా, నష్టాలేమీ లేకుండా 4 ఓంల స్పీకరుకు అందినా నిలకడ శక్తి 26 వాట్లు దాటదు. నష్టాలు తీసేస్తే నిలకడగా వచ్చేది సుమారు 20. ఆ నిలకడ శక్తినే ఆర్‌ఎంఎస్ అంటారు. పీఎంపీఓ పేరుతో వేలల్లో రాసే అంకెలను అసలు లెక్కలోకే తీసుకోకూడదు. వాట్ల విషయంలో స్పీకరుకైనా ఆంప్లిఫయరుకైనా అడగాల్సింది ఆర్‌ఎంఎస్ ఒక్కటే. స్పీకరుది 60 అయితే ఆంప్లిఫయరు చానలుకు 60 నుంచి 75 దాకా ఇవ్వగలిగితే చాలు.

రెండో అంకె సెన్సిటివిటీ. ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే స్పీకరు ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో అది చెబుతుంది. మోత 3 డెసిబెల్స్ పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. అంటే 87 డెసిబెల్స్ స్పీకరు 100 వాట్లు మింగి చేసే పనిని 90 డెసిబెల్స్ స్పీకరు 50తోనే చేస్తుంది. అందుకే ముందు స్పీకర్లు ఎంచుకోవాలి. ఆంప్లిఫయరు వాటిని బట్టి వస్తుంది.

ఓంలు తప్పితే ఎర్రలైటు

కారు స్పీకర్లు ఎక్కువగా 4 ఓంలవి. రెండింటిని ప్యారలల్‌గా కలిపితే 2, సిరీస్‌లో కలిపితే 8. ఓంలు తగ్గేకొద్దీ స్పీకర్లు ఆంప్లిఫయరు నుంచి కరెంటు ఎక్కువ లాగుతాయి. నాలుగు చానళ్ల ఆంప్లిఫయరులో రెండు చానళ్లు ముందు స్పీకర్లకు ఇచ్చి, మిగతా రెండింటిని ఒకటిగా కలిపి (బ్రిడ్జి చేసి) బాస్ పలికే ఊఫరుకు ఇవ్వడం మామూలు పద్ధతి. బ్రిడ్జిలో 4 ఓంల ఊఫరు పెడితే ఒక్కో చానలుకు 2 ఓంలే కనిపిస్తాయి. చాలా ఆంప్లిఫయర్లకు అదే హద్దు. అక్కడ 2 ఓంల ఊఫరు తగిలిస్తే కాసేపటికే ఎర్రలైటు వెలిగి ఆంప్లిఫయరు ‘ప్రొటెక్షన్‌లోకి’ వెళ్లిపోతుంది. ఇంట్లోని 8 ఓంల స్పీకరు తెచ్చి కారులో పెడితే ప్రమాదం లేదు కానీ, 4 ఓంల స్పీకరుకు అందే శక్తిలో సగమే దానికి అందుతుంది.

గెయిన్ మరలో తిరకాసు

ఎక్కువ వాట్లు పంపడం వల్లే స్పీకరు కాలుతుందని చాలామంది నమ్మకం. తక్కువ వాట్ల ఆంప్లిఫయరును శక్తికి మించి తిప్పినా కాలుతుంది. చేతకాని ఆంప్లిఫయరు శబ్ద తరంగం పైభాగాన్ని కోసేస్తుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. ఆ కోసిన తరంగంలో పైస్థాయి శబ్దాల పాలు పెరిగి ముందుగా వాటిని పలికే ట్వీటరు పోతుంది.

దీనికి మూలం గెయిన్ మర. దాన్ని వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పుతారు. స్టీరియో నుంచి వచ్చే సిగ్నలుకు ఆంప్లిఫయరును సరిపెట్టడమే దాని పని. చేసే విధానం తేలిక. స్పీకర్లు ఊడదీసి, బాస్ బూస్టు ఆపేసి, స్టీరియోను ముప్పాతిక వాల్యూమ్‌లో పెట్టి 1000 హెర్ట్‌జ్ టోన్ వేయాలి. ఆంప్లిఫయరు అవుట్‌పుట్‌ను మల్టీమీటరుతో ఏసీ వోల్టుల్లో చూడాలి. వాట్లను ఓంలతో గుణించి వర్గమూలం తీస్తే రావలసిన అంకె తెలుస్తుంది. 75 వాట్లు, 4 ఓంలకు అది 17.3 వోల్టులు. మీటరు అక్కడికి రాగానే మర వదిలేయాలి. ఊఫరుకైతే 50 హెర్ట్‌జ్ టోన్ వాడాలి. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ రోజుల నుంచి కొలత పరికరాలు తెలిసిన ఊరు బందరు. అక్కడ గెయిన్‌ను చెవితో ఊహించి తిప్పడం బాగోదు.

ఇంకొక్క పని. తలుపుల్లోని స్పీకర్లకు 80 హెర్ట్‌జ్ దగ్గర హైపాస్ (పై శబ్దాలనే వదిలే వడపోత), ఊఫరుకు అక్కడే లోపాస్ (కింది శబ్దాలనే వదిలేది) పెట్టాలి. బరువు మోసే పని ఊఫరుకు పోతే గొంతు తేటపడుతుంది.

తీగలో ఉంది తేడా

డి క్లాస్ ఆంప్లిఫయరు 400 వాట్లు నిలకడగా ఇవ్వాలంటే బ్యాటరీ వైపు నుంచి సుమారు 36 ఆంపియర్లు లాగుతుంది. 5 మీటర్ల 8 గేజి రాగి తీగలో ఆ కరెంటుకు 0.37 వోల్టు, 4 గేజిలో 0.15 వోల్టు పోతుంది. గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు. చవకగా దొరికే సీసీఏ తీగ అల్యూమినియం మీద రాగి పూత. చిలకలపూడి రోల్డుగోల్డు తెలిసిన వాళ్లకు దీని సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. పైమెరుగు రాగిదే, కరెంటు మోసే సత్తా మాత్రం మూడింట రెండొంతులకు లోపే. ఫ్యూజు బ్యాటరీకి జానెడు, రెండు జానల దూరంలోనే ఉండాలి. ఆంప్లిఫయరు పక్కన పెడితే మధ్యలోని తీగకు కాపలా ఉండదు.

తీర ప్రాంతంలో అసలు శత్రువు ఎర్తు దగ్గర దాక్కుంటుంది. పెయింటు గీకి, రేకుకు బోల్టు బిగించిన చోట నాగాయలంక, కోడూరు గాలికి తుప్పు, చిలుము త్వరగా పడతాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ స్పీకర్లలో సన్నగా ఈల వినిపిస్తుంటే కొత్త ఆంప్లిఫయరు బేరం చేసే ముందు ఆ బోల్టు విప్పి చూడండి. బిగించాక పైన గ్రీజు పూయించండి. వానలకు తలుపుల్లో చెమ్మ దిగుతుంది కనుక కాగితం కోను కంటే పాలీప్రొపిలిన్ కోను నయం. ఎండల్లో డిక్కీ కాగిపోతుంది, ఆంప్లిఫయరు చుట్టూ గాలి ఆడే ఖాళీ వదలాలి.

ఎంత మోత చాలు?

పొంతన కుదిరిన సెట్టుతో ఒక చిక్కుంది. గరగర లేకపోవడంతో ఎంత పెంచామో తెలియదు. 85 డెసిబెల్స్ రోజుకు 8 గంటల వరకు ఫరవాలేదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ లెక్క. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. బందరు నుంచి బెజవాడ ప్రయాణం గంటకు పైమాటే. గెయిన్ కొలిచిన రోజే ఫోనులోని సౌండ్ మీటరుతో మీ మామూలు వాల్యూమ్ కూడా ఒకసారి చూసుకోండి. ఫోను మీటరు అటూ ఇటూగా చూపినా, 100 దగ్గర తిరుగుతుంటే వాల్యూమ్ తగ్గించాల్సిందే. సెట్టుకు చేసిన లెక్కంతా చెవి కోసమే కదా.